నాలుగో బావి దగ్గర పెట్టిన బొట్టు

ఆత్రేయపురంలో నాకు తెలిసిన పూతరేకుల కొట్టాయన ఏటా ఒక గోడ క్యాలెండరు వేయిస్తాడు. మొన్నమొన్నటిదాకా దాని మీద వెంకటేశ్వరస్వామి ఉండేవాడు. ఈమధ్య స్వామిని ఓ మూలకి జరిపి మధ్యలో మా వంతెన వేశాడు. సాయంత్రపు వెలుగు, కింద గోదావరి పాయ, పైన దీపాల వరుస. చూడ్డానికి బాగానే ఉంది. నేనేదో సొంత డబ్బుతో కట్టి ఊరికి దానం చేసినట్టు, "మీ వంతెనండి" అంటూ నాకొకటి ఊరికే ఇచ్చాడు.

అమలాపురం వైపు నుంచి వచ్చే బస్సు కొబ్బరితోటలు దాటి మలుపు తిరగ్గానే వంతెన ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తుంది. కొత్తగా పెళ్లయిన జంటలు ఫొటోలకు వస్తారు. గల్ఫు నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు టాక్సీ ఆపించి పిల్లల్ని రెయిలింగు పక్కన నిలబెడతారు. సినిమావాళ్లు ఒక పాట తీసుకుపోయారు. ఇదివరకు మీది ఏ ఊరంటే రేవు పేరు చెప్పినవాళ్లే ఇప్పుడు "వంతెన దగ్గరండి" అంటున్నారు.

శాఖలో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీర్లు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి అన్నారు. నేను ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నానో, ఏ ఫైలు ఎన్ని బల్లలు తిరిగిందో రాస్తే మీకు మంచి నిద్ర పడుతుంది, అంతకుమించి ప్రయోజనం లేదు. కాంక్రీటు గురించి మీ పుస్తకాలు నాకంటే బాగా చెబుతాయి. అవి చెప్పనిది ఒకటుంది. తొంభైల నడుమ ఆ వంతెన కడుతున్నప్పుడు ఒక పుకారు పుట్టింది. ఒక్క మాటతో ఆగిపోయేదాన్ని మేము ఆపలేదు. దానివల్ల ఒక మనిషి పోయాడు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అదే. అప్పుడు నేను అక్కడ అసిస్టెంటు ఇంజనీరును.

బావి దింపడం

ముందు పని సంగతి కాస్త చెప్పాలి. మా గోదావరి పాయల్లో ఎంత లోతుకు వెళ్లినా రాయి తగలదు. ఇసుక, దాని కింద బంకమన్ను, మళ్లీ ఇసుక. అందుకని వంతెన స్తంభాన్ని బావి మీద నిలబెడతాం. పెరట్లో ఒరల బావి దింపడం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. నదిలో పెద్ద గుండ్రటి కాంక్రీటు గోడ కడతాం. దాని అడుగున ఇనప అంచు ఉంటుంది. లోపలి ఇసుకను గ్రాబు అనే ఇనప దోసిలితో క్రేను తోడుతూ ఉంటుంది. తోడేకొద్దీ గోడ తన బరువుకి తనే దిగుతుంది. పైన మళ్లీ గోడ పెంచుతాం. ఇలా నెలల తరబడి.

నిలువుగా దిగితే అదృష్టవంతులం. ఎప్పటి వరదకో కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన దుంగ అంచు కింద అడ్డం పడిందా, బావి ఓ పక్కకి ఒరుగుతుంది. అప్పుడు డైవరు దిగాలి. పైనుంచి గొట్టంలో గాలి పంపిస్తుంటే, నడుముకి తాడు కట్టుకుని, ఆ చీకటి బురదనీళ్లలో చేత్తో తడుముకుంటూ దుంగను కోసి రావాలి. అక్కడ కళ్లతో పని లేదు. పైకీ కిందికీ తేడా ఒళ్లే చెప్పాలి.

మా డైవరు పేరు గోబిందో. ఒరిస్సాలో గంజాం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. రేవులో అందరూ గోవిందు అనేవారు. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. శ్రీకాకుళం పనుల్లో నేర్చుకున్న తెలుగు. నీళ్లలో దిగేముందు బీడీ తాగి, మిగిలిన ముక్క అలవాటుగా చెవి మీద పెట్టుకోబోయి, దిగేది నీళ్లలోకి కదా అని గుర్తొచ్చి నవ్వి పక్కవాడికిచ్చేవాడు. ఇంటి దగ్గర ఐదేళ్ల కూతురుంది. ఆ పిల్ల మాట ఎత్తితే చాలు, ఇక ఆపడు. మేము కావాలని ఎత్తేవాళ్లం.

మా పైన ఈఈ గారు, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. పేరు రాయను. ఒరిగిన బావిని నిలబెట్టడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. రెండో బావి ఒరిగినప్పుడు, ఇక లాభం లేదని కంట్రాక్టరు తల పట్టుకున్నాడు. ఈయన ఎత్తుగా ఉన్న పక్కన ఇసుక బస్తాలు పేర్పించి, అటువైపే తోడించి, తిండి కూడా అక్కడికే తెప్పించుకుని వారం తిరక్కుండా నిలబెట్టారు. ఆ విద్యలో నాకు వచ్చినదంతా ఆయన పెట్టిన భిక్షే. అయితే ఇసుక ఎటు కదులుతుందో అంత బాగా తెలిసిన మనిషికి ఒడ్డున జనం ఎటు కదులుతున్నారో తెలిసేది కాదు. తెలుసుకోవాలని ఉండేదీ కాదు.

ఖర్చు లేని కాపలా

రేవు పక్కన పాకలో వీరవేణి అనే ఆవిడ ఇడ్లీలు, పెసరట్లు వేసి అమ్మేది. భర్త మస్కట్‌లో పని. ఒక్కతే కూతురు, దుర్గ. మా సైటులో సగంమంది ఆవిడ చేతి తిండే తిన్నాం. గోబిందో ఆవిణ్ణి అక్కా అనేవాడు, దుర్గ అతన్ని మామయ్యా అనేది. అతను కూర్చుంటే వెళ్లి ఒళ్లోకి ఎక్కేది. కూతురి మీద బెంగ అలా కొంత తీరేదనుకుంటాను.

రెండో బావి ఒరిగిన దగ్గర్నుంచి పుకారు లేచింది. నీళ్లు ఒప్పుకోవడం లేదట, వంతెన నిలబడాలంటే పసిపిల్లను బావిలో వెయ్యాలట, అందుకు పిల్లల్ని పట్టేవాళ్లను దింపారట. ఇది కొత్తదేం కాదు. మా అమ్మమ్మ ఎప్పటిదో ఇంకో వంతెన గురించి ఇదే చెప్పి నాచేత అన్నం తినిపించేది. ఎక్కడ వంతెన మొదలుపెడితే అక్కడికి ఈ కథ ముందే వెళ్లి కూర్చుంటుంది. మీరు కట్టే చోటికీ వస్తుంది, చూసుకోండి.

రేవులో పిల్లలు ఆడుకోవడం మానేశారు. బడికి కూడా తల్లులే దింపేవారు. ఒకరోజు పదిమంది కలిసి మా సైటు ఆఫీసుకి వచ్చారు. ముందు నిలబడింది వీరవేణి. ఆవిడకు మమ్మల్ని తెలుసు గనక మాట్లాడమని ఆవిణ్ణి పంపారు.

"జనం ఏదేదో అనుకుంటన్నారండి. మేం నమ్మంలెండి. అయినా పిల్లలున్నోళ్లం కదండీ. అలాంటిదేం లేదని మీ నోటితో ఒక్క మాట చెప్పేత్తే ఎల్లిపోతాం" అంది.

ఈఈ గారు నవ్వారు. మీ పిల్లల్ని మీరు ఇంట్లో పెట్టుకోండి, ఇటు రాకపోతే ఏ భయమూ లేదు అన్నారు. అంతే. లేదని మాత్రం అనలేదు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లాక ఆయన మాతో, "పోనివ్వండయ్యా, ఖర్చు లేని కాపలా" అన్నారు. ఆయన బాధ ఆయనది. అంతకుముందు నెలలో ఒక పిల్లవాడు ఇనప చువ్వల మీద పడి కాలు చీరుకున్నాడు. సైటులోకి పిల్లలు రావడం ఆయనకు పెద్ద తలనొప్పి. పుకారు పుణ్యమా అని ఆ తలనొప్పి తీరింది. వాచ్‌మన్ ఇంకాస్త ముందుకు వెళ్లాడు. ఏ పిల్లయినా కంచె దగ్గరకు వస్తే, రా రా, బావికి నువ్వే కావాలి అనేవాడు. అది విని ఆఫీసులో అందరం నవ్వుకున్నాం.

కుర్రాళ్లూ, ఇది గుర్తు పెట్టుకోండి. మీకు ఉపయోగపడే అబద్ధాన్ని మీరు చెప్పనక్కర్లేదు, కాదనకుండా ఊరుకుంటే చాలు. అది మీ తరఫున పని చేస్తూనే ఉంటుంది. ఎప్పుడు ఆపాలో మాత్రం దానికి తెలియదు.

పూజ

నాలుగో బావి మొదలుపెట్టిన రోజు పూజ పెట్టుకున్నాం. ఏ బావికైనా ఇది మామూలే. ఇనప అంచుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయలు కొట్టి, చివర్లో గుమ్మడికాయలో కుంకుమ పోసి పగలగొడతారు. ఆ రోజు గుమ్మడికాయ కొట్టింది ఈఈ గారే. కుంకుమనీళ్లు అందరి చేతుల మీదా, బట్టల మీదా చిందాయి.

క్రేను దగ్గరగా చూపించమని దుర్గ ఎన్నాళ్లుగానో గోబిందోని వేధిస్తోంది. ఆ రోజు పని లేదు, క్రేను కదలదు, ప్రమాదం లేదు. అక్క పాకలో పొయ్యి దగ్గర తీరిక లేకుండా ఉంది. ఇలా తీసుకెళ్లి అలా తెచ్చేద్దాం అనుకున్నాడు. చెప్పి తీసుకెళ్లాలన్న ఆలోచన రాలేదు, రోజూ ఒళ్లోకి ఎక్కే పిల్లే కదా. పూజ దగ్గర పంతులుగారు ముచ్చటపడి పిల్లకు పెద్ద బొట్టు పెట్టారు. మిగిలిన బంతిదండ ఎవరో మెళ్లో వేశారు. కొబ్బరిముక్క ఇచ్చారు. అది నముల్తూ, గోబిందో చెయ్యి పట్టుకుని, చెక్కల దారి మీద ఒడ్డుకు తిరిగి వస్తోంది.

ఈలోగా పాకలో పిల్ల కనపడక వీరవేణి వెతుకుతోంది. ఆ ఒరియావాడు బావి దగ్గరకు తీసుకెళ్లాడని ఎవరో చెప్పారు. పరుగెత్తుకొచ్చింది. పిల్ల నుదుట ఇంత బొట్టు, మెళ్లో దండ. పట్టుకున్నవాడి చేతులు ఎర్రగా ఉన్నాయి. తీసుకెళ్తున్నాడా, తీసుకొస్తున్నాడా అని చూసే స్థితిలో ఏ తల్లీ ఉండదు. ఆవిడ అరిచిన అరుపు నదికి అవతల వినపడి ఉంటుంది.

రేవులో ఉన్న మగవాళ్లంతా ఒక్క ఉరుకున వచ్చిపడ్డారు. కొందరి చేతుల్లో తెడ్లు, కొందరి చేతుల్లో కొబ్బరిమట్టలు. గోబిందో పారిపోలేదు. పిల్లకు దెబ్బ తగలకుండా వెనక్కి నెట్టి అడ్డం నిలబడ్డాడు. అది చూసినవాళ్లకి, పిల్లను వదలడం లేదు అనిపించింది. మేము పరుగెత్తి చేరేసరికి కింద పడి ఉన్నాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది.

దుర్గ ఏడుస్తూ, "అమ్మా, మామయ్య కొబ్బరిముక్క పెట్టేడే" అంది.

కొట్టినవాళ్ల చేతులు అక్కడే ఆగిపోయాయి. అందరికంటే ముందు అర్థమైంది వీరవేణికే. ఆవిడ ఇసుకలో కూలబడిపోయింది. ఆ ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోవాలని చాలా ప్రయత్నించాను.

పోలీసు కేసు వద్దని గోబిందోనే అన్నాడు. సాయంత్రం వీరవేణి గిన్నెలో అన్నం, చేపల పులుసు పట్టుకుని అతని గుడిసెకి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ గిన్నె ముందు పెట్టి, తల దించుకుని కూర్చుంది. అతను వాచిన పెదవులతోనే నవ్వడానికి చూశాడు.

"ఏడవకు అక్కా. నా బిడ్డ అయితే నేను కూడా కొట్టేవాణ్ణి" అన్నాడు.

చెవి

అమలాపురంలో డాక్టరు చూసి, కర్ణభేరి చిరిగింది, దానంతటదే మూసుకుంటుంది, అప్పటిదాకా చుక్క నీరు కూడా పోకూడదు అన్నాడు. ఇంటి దగ్గర కూర్చోబెడితే సరిపోయేది. ఇంతలో నాలుగో బావి ఒరిగింది. అంచు కింద దుంగ. వరద వచ్చేలోపు నిలబెట్టకపోతే ఏడాది పని పోతుంది. మాకున్న రెండో డైవరు జ్వరంతో మంచం పట్టాడు. ఇంకో డైవరు రావడానికి సమయం పడుతుంది.

నేను వెళ్లి ఈఈ గారితో డాక్టరు మాట చెప్పాను. ఆయన ఒరిగిన బావి బొమ్మ గీస్తూ, తల ఎత్తకుండా, దిగేవాడికి చెవితో పనేమిటయ్యా, చేత్తో కదా పని, దూది పెట్టుకోమను అన్నారు. గోబిందోని అడిగితే, బాగానే ఉంది సాబ్, దిగుతాను అన్నాడు. వద్దంటే ఇంటికి పంపేస్తారనీ, మళ్లీ పిలవరనీ అతని భయం. ఇక ఈఈ గారికి అంతకంటే ఏం కావాలి?

డాక్టరు వద్దన్నది చీము పడుతుందని మాత్రమే కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిరిగిన చెవిలోకి చల్లటి నీళ్లు వెళితే తల గిర్రున తిరుగుతుంది. పైకీ కిందికీ తేడా పోతుంది. ఒడ్డు మీద అయితే కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. కళ్లు పనిచేయని ఆ బురదనీళ్లలో మనిషికి మిగిలిన దిక్కు ఆ చెవే.

బీడీ ముక్క పక్కవాడికిచ్చి దిగాడు. పైకి లాగమనడానికి తాడు ఊపడం గుర్తు. చాలాసేపు ఊపలేదు. మేమే లాగాం. తాడు ఎక్కడో బిగుసుకుంది. జ్వరంతో ఉన్న రెండో డైవరు, మేం ఆపుతున్నా వినకుండా దూకాడు. గోబిందో పైకి రావలసినవాడు కిందికి వెళ్లాడట. అంచు కిందికి. అక్కడ గాలి గొట్టం నలిగిపోయింది. పైకి తెచ్చి పడుకోబెట్టాం. చెవిలో దూది అలాగే ఉంది.

గంజాం నుంచి అన్న వచ్చి తీసుకెళ్లాడు. మా రిపోర్టులో ప్రమాదం అని ఒక మాట రాశాం. ఈఈ గారు ఆ తర్వాత ఏ బావి పూజకూ రాలేదు.

ఒడ్డున మాత్రం వేరే మాట పుట్టింది. వంతెన అడిగినది తీసుకుందండి అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. కొట్టినవాళ్లలో చాలామంది ఆ శవం దగ్గర ఏడ్చారు కూడా. అయినా మనసులో ఎక్కడో బరువు దిగింది. వంతెనకు కావలసింది అందింది గనక ఇక మన పిల్లల జోలికి రాదు. మర్నాటి నుంచి పిల్లలు మళ్లీ రేవులో ఆడుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల కేకలు వింటూ సైటు ఆఫీసులో కూర్చోవడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. ఆ పుకారు మొదట అబద్ధం. మేమూ వాళ్లూ కలిసి దాన్ని నిజం చేశాం.

వీరవేణి హోటలు

వంతెన లేచింది. నాలుగో బావి ఆ తర్వాత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ప్రారంభోత్సవం నాడు మామిడాకులూ బ్యాండుమేళమూ ఉన్నాయి. నాకు వేరే చోటికి బదిలీ అయింది. ఆ తర్వాత ఇంకా చాలా పనులు చేశాను. బాగానే చేశాననుకుంటాను. వాటి గురించి రాయాలనిపించడం లేదు.

రిటైరయ్యాక ఒకసారి కాట్రేనికోనలో చుట్టాలింటికి వెళ్లి వస్తూ వంతెన దగ్గర దిగాను. వీరవేణి పాక ఇప్పుడు సిమెంటు గోడల హోటలు. గోడకి ఆ పూతరేకుల క్యాలెండరే. నన్ను గుర్తుపట్టి, కుర్చీ తుడిచి, నేను అడక్కుండానే పెసరట్టు వేసి తెచ్చింది. భర్త తిరిగి వచ్చేశాడట. దుర్గ నర్సు కోర్సు చదివి అమలాపురంలో ఆసుపత్రిలో చేస్తోంది. రోజూ వంతెన మీదుగానే రాకపోకలు. ఆ రోజు సెలవేమో, లోపల పిండి రుబ్బుతున్న చప్పుడుతో పాటు ఆ పిల్ల పాట వినపడుతోంది.

పక్క బల్ల దగ్గర హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు టిఫిను తింటున్నారు. వాళ్లలో ఒకావిడ, ఈ వంతెన కింద మనిషిని బలిచ్చారటగా, నిజమేనా అని అడిగింది.

"ఆయ్, నిజవేనండి" అంది వీరవేణి, చట్నీ వడ్డిస్తూ.

వాళ్లు డబ్బులిచ్చి వెళ్లేదాకా ఆగాను. తర్వాత అడిగాను. జరిగింది నీకు తెలుసు, నాకు తెలుసు, ఇంకా ఆ మాటే ఎందుకు చెబుతున్నావమ్మా అన్నాను. కొంచెం కోపంగానే అడిగి ఉంటాను.

ఆవిడ లోపలి గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"బలి కాదంటే, మరెలా పోయేడని అడుగుతారండి. అప్పుడు చెవి సంగతి చెప్పాలి. దెబ్బల సంగతి చెప్పాలి. ఎందుకు కొట్టేరంటే దాని బొట్టు సంగతి చెప్పాలి. అది లోపలే ఉందండి, వింటాది. చిన్నప్పటివి దానికేం గుర్తు లేవండి, ఆయన పెట్టిన కొబ్బరిముక్క తప్ప. అదొక్కటైనా ఉండనివ్వండి."

వంతెన నిలబడడానికి బావి చాలు. ఆవిడ నిలబడడానికి ఆ అబద్ధం కావాలి. పెసరట్టు చివరిదాకా తిన్నాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

అందుకని ఇందులో ఆ తల్లి పేరూ కూతురి పేరూ మార్చాను. ఊరి పేరూ, వంతెన పేరూ అసలు రాయనేలేదు. రేపు మీలో ఎవరైనా ఎక్కడో ఓ వంతెన కడుతున్నప్పుడు, పదిమంది తల్లులు వచ్చి గుమ్మంలో నిలబడితే, చేతిలో పని పక్కన పెట్టి లేచి నిలబడండి. లేదమ్మా, అలాంటిదేమీ లేదు అని మీ నోటితో చెప్పండి. రెండోసారి వస్తే రెండోసారి చెప్పండి.

నాలుగో బావిలో పోయిన డైవరు పేరు మాత్రం నేను మార్చలేదు. గోబిందో.